మంత్రిగారి పట్టపగటి నైట్ డ్యూటీ

"రాత్రంతా మేలుకుని ఈ రాష్ట్రాన్ని నడిపిస్తున్న కార్మికుడి పక్కన ఒక్క రాత్రయినా నిలబడకపోతే నేను మంత్రినే కాదు" అని కార్మిక సంక్షేమ శాఖ మంత్రి మునిచంద్ర గారు తిరుపతిలో విలేకరుల ముందు గర్జించారు. గర్జించి ఊరుకునే మనిషి కాదు కాబట్టి కార్యక్రమానికి అక్కడికక్కడే 'మీ రాత్రి - నా బాధ్యత' అని పేరు కూడా పెట్టేశారు. ఒక మామూలు హోటల్లో, మామూలు ఉద్యోగిలా రిసెప్షన్ కౌంటర్ వెనక నిలబడి నైట్ డ్యూటీ చేస్తారట. విలేకరులు చప్పట్లు కొట్టారు. చేతుల్లో జీడిపప్పు ప్లేట్లున్నవాళ్లు మాత్రం కొట్టలేకపోయారు. వాళ్ల అభిమానాన్ని శంకించాల్సిన పనిలేదు.

ఆ మామూలు హోటల్‌గా ఎంపికయ్యే భాగ్యం బస్టాండు దగ్గరున్న స్వర్ణముఖి గ్రాండ్‌కు దక్కింది. అక్కడ రోజూ రాత్రి కౌంటర్ వెనక నిలబడే మనిషి పేరు జిలాన్. అతను నిలబడినన్నాళ్లూ ఎవరూ చప్పట్లు కొట్టలేదు.

జిలాన్‌ది శ్రీకాళహస్తి. పెళ్లయి ఏడాది దాటింది. భార్య షబ్రీన్ నాయుడుపేట దగ్గర ఫోన్ చార్జర్లు చేసే కంపెనీలో పగటి షిఫ్టు. తెల్లారకముందే కంపెనీ బస్సు ఆమెను ఎక్కించుకుని పోతుంది. తిరుపతి నుంచి జిలాన్ ఇల్లు చేరేసరికి గుమ్మంలో ఆమె చెప్పులుండవు. సాయంత్రం ఆమె వచ్చేసరికి ఇతని చెప్పులుండవు. ఆమెకు ఆదివారం సెలవు. ఆదివారం తిరుపతిలో లాడ్జీలన్నీ కిటకిటలాడతాయి గనక ఆ రోజు ఇతనికి పగలూ రాత్రీ డ్యూటీయే, వేరే రోజు కూడా సెలవు లేదు. అలా ఒకే ఇంట్లో, ఒకే మంచం మీద, మొగుడూ పెళ్లాలు వంతులవారీగా కాపురం చేస్తున్నారు. కూరలో కారం ఎక్కువైతే ఫోన్ చేసి చెప్పుకుంటారు. "కొట్లాడుకుందామన్నా ఇద్దరం ఒకచోట ఉండాల గదా" అని షబ్రీన్ ఒకరోజు ఫోన్‌లోనే ఏడ్చింది. ఆ రోజు నుంచి జిలాన్‌కు ఒకటే కోరిక, పగటి డ్యూటీ. అడిగి అడిగి నోరు నొప్పి పుట్టింది గానీ మేనేజర్ తిరుమలయ్య మనసు మాత్రం కరగలేదు.

మంత్రిగారి ప్రకటన వచ్చిన పూట ఆ మనసు కాస్తా కరిగింది.

"ప్రోగ్రాం బ్రహ్మాండంగా జరిపించు జిలానూ. ఒక్క మాట రాకూడదు. జరిగిందంటే ఆ రోజే నీకు పగలు డ్యూటీ. ఏడుకొండలవాడి మీద ఆన."

"మాట మీదుంటారు గదా సార్?"

"ఆ పేరు చెప్పినాక కూడా అనుమానమా? కళ్లు పోతాయి" అన్నాడు తిరుమలయ్య.

మర్నాడు ఏర్పాట్లు చూడటానికి మంత్రిగారి పీఏ మునికుమార్ వచ్చాడు. కౌంటర్‌ను అటు నుంచీ ఇటు నుంచీ ఫోటోలు తీసుకున్నాక అడిగాడు. "రాత్రి పూట ఈడ ఏమేం జరగతాయప్పా?"

"చంటిబిడ్డల్నెత్తుకోని బస్సు దిగొస్తారు సార్. రూములుండవు. లేవంటే ఈ మెట్ల మీదే పడుకుంటారు."

"నెగటివ్. ఇంకోటి."

"తాగొచ్చి నా కాలర్ పట్టుకుంటారు."

"నెగటివ్."

"దర్శనానికి టైమైపోతా ఉంది, వేణ్ణీళ్లు యాడ అని అమ్మనా బూతులు తిడతారు."

"ఏందప్పా నువ్వు! పాజిటివ్‌గా ఒక్కటన్నా చెప్పు."

జిలాన్ చాలాసేపు ఆలోచించాడు. "తెల్లారతాది సార్" అన్నాడు.

మునికుమార్ మెచ్చుకుని అది ఫోన్‌లో ఎక్కించుకున్నాడు. "బాగుండాది. స్పీచ్‌లో వాడుకుంటాం. సరే, సార్ బుధవారం పదకొండు గంటలకు వస్తారు."

"రాత్రి పదకొండుకా సార్?"

"రాత్రా!" పీఏ అదిరిపడ్డాడు. "సార్‌కు బీపీ, షుగరు. తొమ్మిదికల్లా పడుకోవాలని డాక్టరు గట్టిగా చెప్పుండాడు. పైగా రాత్రి పూట రాత్రి చేస్తే వీడియో నల్లగా వస్తాది. పొద్దున పదకొండుకు చేస్తే రాత్రి ఎంత బాగా కనపడతాదో సూడు."

ప్రజల కోసం సూర్యుణ్ణి కూడా లెక్కచేయని నాయకుడు దొరకడం ఆ జిల్లా చేసుకున్న పుణ్యం. బుధవారం పొద్దునకల్లా టెంట్ హౌస్ వాళ్లు వచ్చి హోటల్ అద్దాలన్నిటికీ నల్లగుడ్డ కట్టేశారు. మున్సిపాలిటీ బండి వచ్చి దోమలకు పొగ కొట్టి పోయింది. ఏసీలు పెంచారు. కీచురాళ్ల చప్పుడు స్పీకర్లో పెట్టారు. దూరంగా కుక్క మొరిగితే సహజంగా ఉంటుందని మునికుమార్‌కు తోచింది. ఆ బాధ్యత ఒక హోంగార్డుకు అప్పగించారు. అతను మెట్ల కింద కూర్చుని రెండుమూడు సార్లు ప్రాక్టీసు చేశాడు.

పదో తరగతి ఫెయిలైన దగ్గర్నుంచీ పార్టీలో ఉండి, ఇంతవరకూ ఏ పదవీ దక్కని మునస్వామి అనే కార్యకర్త, కస్టమర్ వేషానికి ముందుకొచ్చాడు. తిరుపతి అన్నాక ఒక గుండు లేకపోతే ఎలాగని పీఏ అనడమే ఆలస్యం, పరుగున పోయి నున్నగా గీయించుకుని, గంధం పూసుకుని వచ్చేశాడు. "ఇంత చేసినాక కూడా మార్కెట్ కమిటీ ఛైర్మన్ ఇయ్యకపోతే నా జుట్టు ఉసురు తగలతాది" అని పీఏను హెచ్చరించాడు.

ఆ ముందు రాత్రి నిజం డ్యూటీ చేసిన జిలాన్‌ను ఇంటికి పోనివ్వలేదు. అసలు రాత్రి అయిపోయింది గానీ అధికారికమైన రాత్రి ఇంకా మొదలవలేదు. కళ్లు చింతనిప్పుల్లా ఉన్నాయి. గదులు ఊడ్చే కుప్పమ్మ అతని చేతిలో టీ గ్లాసు పెట్టింది.

"పట్టపగలు రాత్రి చేసినారు గదప్పా" అంది నల్లగుడ్డల వంక చూస్తూ. "నాకు మాత్రం రెండు పూటల చాకిరీ. ఈ రాత్రికి జీతం ఇస్తారా, లేక ఇది ఉత్త రాత్రేనా?"

"ఊరుకో కుప్పమ్మక్కా. ఈ ఒక్క పూట గడిస్తే నా కాపురం బాగుపడతాది."

పదకొండున్నరకు మంత్రిగారు వచ్చారు. బయట నిప్పులు కురిసే ఎండ. ఒక్క అడుగు లోపలికి వేయగానే రాత్రి. "ఆహా!" అని మంత్రిగారు పరవశించి, ఆవులించారు. కెమెరావాళ్లు ఆ ఆవులింతను ఇంకోసారి అడిగారు. ఆయన విసుక్కోకుండా మళ్లీ ఆవులించారు. కోటు తొడుక్కుని, జేబుకు 'మునిచంద్ర, ట్రైనీ' అన్న బిళ్ల తగిలించుకుని కౌంటర్ వెనక నిలబడ్డారు. ఆయనకు వెనకాల, కెమెరాకు అందని చోట, జిలాన్ కూడా నిలబడ్డాడు.

మునస్వామి ఉత్త సూట్‌కేసు ఈడ్చుకుంటూ వచ్చాడు. "నమస్కారం సార్. ఇంత అర్ధరాత్రి పూట మిమ్మల్ని ఇబ్బంది పెడతా ఉండాను. క్షమించాల."

"ఇబ్బందేముంది నాయనా, మీ సేవ కోసమే గదా మేం మేలుకోనుండేది" అంటూ మంత్రిగారు తాళం అందించారు. హోంగార్డు మొరిగాడు. అందరూ చప్పట్లు కొట్టారు.

అంతలో గుడ్డ తొలగించుకుని ఒక తమిళ కుటుంబం లోపలికి వచ్చింది. అసలు కస్టమర్లు. వేలూరు నుంచి వచ్చారు. ఎండకు వాళ్ల మొహాలు వాడిపోయి ఉన్నాయి. ఆ చీకటి చూసి ముసలాయన బిత్తరపోయాడు. "ఎన్నప్పా, కరెంట్ పోచ్చా?"

"కరెంట్ ఉండాది పెద్దాయనా. రాత్రయింది, అంతే" అన్నాడు మునికుమార్.

"రాత్రా? ఇప్పుడే గదా టిఫిన్ తిన్నాం."

"టిఫిన్ తిన్న పగలు బయట ఉండాది. ఆడికే పొండి. రూములు లేవు" అని వాళ్లను మర్యాదగా ఎండలోకి సాగనంపారు. కార్యక్రమం మొత్తంలో నిజం నైట్ డ్యూటీలా జరిగింది ఆ ఒక్కటే. దాన్ని మాత్రం వీడియోలోంచి తీసేశారు.

టీ చల్లారేలోపు డ్యూటీ ముగిసింది. ఇక కార్మికుడితో ముఖాముఖి. మంత్రిగారు జిలాన్ భుజం మీద చెయ్యి వేశారు.

"నీ కష్టం చెప్పుకో. భయపడొద్దు. ఇప్పుడు నువ్వూ నేనూ ఒకటే."

ఏం చెప్పాలో మునికుమార్ ముందే నేర్పించాడు. 'మీరు రావడమే మాకు పెద్ద పండగ సార్' అనాలి. జిలాన్ నోరు తెరిచాడు గానీ ఆ వాక్యం రాలేదు. నిద్ర లేని కళ్లలో నీళ్లు వచ్చేశాయి.

"నాకూ మా ఆమెకూ షిఫ్టు కలవదు సార్. ఆమె నాయుడుపేట కంపెనీలో పగలు, నేను ఈడ రాత్రి. పెళ్లయినాక ఇద్దరం కలిసి కూర్చోని అన్నం తిన్న రోజులు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. ఇద్దరికీ ఒకే పూట డ్యూటీ పడితే సాలు సార్. ఇంకేం వద్దు."

మంత్రిగారు కదిలిపోయారు. కళ్లు తుడుచుకున్నారు. కెమెరావాళ్లు ఇంకోసారి అడిగే పనిలేకుండా రెండుసార్లు తుడుచుకున్నారు. "మునికుమార్, ఆ అమ్మాయి పేరూ కంపెనీ పేరూ రాసుకో. ఈ దంపతుల్ని కలిపేది నా పూచీ!"

జిలాన్ రెండు పేర్లూ చెప్పి గాల్లో తేలిపోయాడు. వంగి దండం పెట్టబోతే తిరుమలయ్య అతని రెక్క పట్టుకుని వెనక గదిలోకి లాక్కుపోయాడు.

"నేను మాట తప్పే మనిషిని కాదబ్బా. రేప్పొద్దున్నించి నీకు పగలు డ్యూటీ. పో, ఇంటికి పొయ్యి నిద్రపో."

బయట లాబీలో అదే సమయానికి మంత్రిగారు విలేకరులతో మాట్లాడుతున్నారు. "నేను స్వయంగా నైట్ డ్యూటీ చేశాను. నిద్ర రాలేదు. దోమ కుట్టలేదు. ఒక్క కస్టమర్ కసురుకోలేదు. చల్లగా, హాయిగా ఉంది. ఇంత సుఖమైన డ్యూటీని ఇన్నాళ్లూ మగవాళ్లే అనుభవిస్తున్నారంటే నాకు సిగ్గుగా ఉంది. ఆడబిడ్డలకు ఎందుకు ఇవ్వకూడదు? నేటి నుంచి 'నిశాలక్ష్మి' పథకం ప్రారంభిస్తున్నాను. తొలి లబ్ధిదారు, ఈ జిలాన్ భార్య షబ్రీన్. నేటి రాత్రి నుంచే భర్తతో పాటు ఆమెకూ నైట్ డ్యూటీ!"

చప్పట్లు మోగాయి. వెనక గదిలో ఉన్న జిలాన్‌కు మాటలు వినపడలేదు. చప్పట్లే వినపడ్డాయి. ఆ ఆనందంలో అతనూ కొట్టాడు.

ప్రభుత్వ పనులు నత్తనడక నడుస్తాయనే వాళ్లు ఆ రోజు నాయుడుపేటలో ఉండాల్సింది. మునికుమార్ ఫోన్ పెట్టేయకముందే కంపెనీవాళ్లు సరేనన్నారు. ఆడవాళ్లకు రాత్రి షిఫ్టు వేయడానికి వాళ్లెప్పటినుంచో దారి వెతుకుతున్నారట.

జిలాన్ బస్సెక్కగానే నిద్రపోయాడు. ఫోన్ జేబులో మోగుతూనే ఉంది. శ్రీకాళహస్తిలో దిగాల్సినవాడు నాయుడుపేట దాకా పోయి, కండక్టర్ చేత తిట్లు తిని, మళ్లీ బస్సెక్కి, అందులోనూ కునికిపాట్లు పడి ఇల్లు చేరేసరికి చీకటి పడింది. గుమ్మంలో షబ్రీన్ చెప్పులున్నాయి. వాటిని చూడగానే గబగబా లోపలికి పోయాడు.

"షబ్రీన్! పగలు డ్యూటీ ఇచ్చేసినారు! రేపట్నించి రాత్రుళ్లు ఇంట్లోనే ఉంటా!"

షబ్రీన్ మెడలో కంపెనీ కార్డుంది. చేతిలో టిఫిన్ బాక్సుంది.

"నాకు రాత్రి డ్యూటీ ఏసినారు" అంది. "మంత్రిగారి ఆర్డరంట. మీరు అడిగినారని చెప్పినారు. మధ్యాహ్నమే ఇంటికి పంపించేసినారు. మీతో పాటు పగలంతా ఇంట్లో ఉండొచ్చని సంతోషంగా ఒప్పేసుకున్నా. ఎన్నిసార్లు ఫోన్ చేసినా మీరు ఎత్తలేదు."

జిలాన్ వెంటనే మేనేజర్‌కు ఫోన్ చేశాడు. "సార్, నన్ను రాత్రి డ్యూటీకే ఏసేయండి సార్. మీ కాళ్లు పట్టుకుంటా."

"యాడయ్యా ఖాళీ? అంత సుఖమైన డ్యూటీ ఇంకోటి లేదని టీవీలో చెప్పేసినారు గదా. మంత్రిగారి బామ్మర్ది తన మనిషిని పంపినాడు. వచ్చి కూర్చోని కూడా ఉండాడు" అన్నాడు తిరుమలయ్య.

వీధి చివర కంపెనీ బస్సు హారన్ కొట్టింది. షబ్రీన్ చెప్పులు తొడుక్కుంది. "కూర పొయ్యి మీదుండాది. కారం ఎక్కువైంటే ఫోన్ చేయండి" అంది. పరుగులాంటి నడకతో వెళ్లిపోయింది. జిలాన్‌ గుమ్మంలో కూలబడ్డాడు.

ఫోన్ మోగింది. మునికుమార్.

"కంగ్రాట్స్ జిలానప్పా! తిరుపతి నుంచి నాయుడుపేట దాకా హోర్డింగులు పెడతా ఉండాం. 'మంత్రిగారు కలిపిన జంట' అని. నువ్వూ మీ ఆమే డ్యూటీ డ్రస్సుల్లో, పక్కపక్కన నవ్వతా ఉండే ఫోటో ఒకటి అర్జంటుగా పంపించు."

"ఇద్దరం పక్కపక్కన ఉండేది కుదరదు సార్. ఆమె ఇప్పుడే రాత్రి డ్యూటీకి పోయింది. ఆమె వచ్చేలోపల నేను పగలు డ్యూటీకి పోవాల."



"ఓస్, అంతేనా!" అన్నాడు మునికుమార్. "విడివిడిగా తీసి పంపించప్పా. కలిపేది మావోళ్లు సూసుకుంటారు."