నలభై మైళ్ళ బొత్తాం

ఆ ఆదివారం ఉదయం చిట్కుల్‌లోని మా ఇంట్లో ఉన్నవారు వీరు: మా నాన్న సూర్యారావు, మా అమ్మ వెంకటరమణమ్మ, నాన్నతో ఫ్యాక్టరీలో పనిచేసే నరసింహమూర్తిగారు, ఏలీయాగారు, మాకు ఇల్లు కిరాయికిచ్చిన సంగమ్మ, వాకిట్లో ఒక అమెరికా కారు, వంటింటి గుమ్మంలో నేను. కారును మనుషుల వరుసలో చేర్చానని నవ్వకండి. ఆ రోజు అందరూ కుశలం అడిగింది దాన్నే.

ఇక అసలు సంగతి. బాగా పనిచేసే యంత్రం కంటే చెడిపోయిన యంత్రమే మనిషికి ఎక్కువ మేలు చేస్తుందని నేను గట్టిగా నమ్ముతున్నాను. మీకు నమ్మకం కుదరకపోతే, మీ ఇంట్లో ఇంకా ఏదీ సరిగ్గా చెడిపోలేదన్నమాట.

ఆ కారు ఫ్యాక్టరీలో యంత్రాలు బిగించడానికి వచ్చిన ఒక దొరది. తన దేశం వెళ్ళిపోతూ నాన్నకు అమ్మాడు. దాని పొడవు మా వాకిలంత. వెనక్కి తిప్పాలంటే సంగమ్మ గేదెను విప్పి అవతల కట్టాలి. అందులో క్రూజ్ కంట్రోల్ అనే ఏర్పాటు ఒకటుంది. కారు నలభై మైళ్ళ వేగం అందుకున్నాక స్టీరింగు పక్కనున్న బొత్తాం నొక్కితే చాలు, కాలు తీసేసినా అదే వేగంతో పోతూ ఉంటుంది. బ్రేకు తొక్కితే వదిలేస్తుంది.

ఇస్నాపూర్ చౌరస్తా దాటాక బొంబాయి రోడ్డు మీద నాన్న ఒకసారి ఆ బొత్తాం నొక్కి, సీటు మీద బాసింపట్టు వేసుకుని కూర్చున్నారు. అమ్మ కళ్ళు మూసుకుని తెలిసిన దేవుళ్ళందరినీ వరసగా పిలిచింది. రెండు ఫర్లాంగులు పోయేసరికి జొన్నచొప్ప బండి అడ్డం వచ్చింది. పనిచేసిన రోజుల్లో ఆ బొత్తాం మాకిచ్చిన సుఖం మొత్తం ఆ రెండు ఫర్లాంగులే.

దసరా మర్నాటి నుంచి అది పనిచేయడం మానేసింది. అప్పటినుంచి చూడండి, ఎన్ని మేళ్ళో!

కారు మాత్రం నడుస్తూనే ఉంది. మామూలు మనిషైతే కాలు పెట్టి నడుపుకుంటాడు. కానీ మా నాన్న పనిచేసేది ఇన్‌స్పెక్షన్ సెక్షన్‌లో. అక్కడ ఒక్క మర వదులుగా ఉన్నా ఏ యంత్రమూ గేటు దాటి పోదు. ఇంట్లోనూ అదే రూలు. బొత్తాం ఓకే అయ్యేదాకా కారు వాకిలి దాటడానికి వీల్లేదు.

ఆ ఆదివారమే మధ్యాహ్నం రెండు గంటలకు సంగారెడ్డిలో గ్రంథాలయ వారోత్సవాల వ్యాసరచన పోటీ. మా ఊరి బడి నుంచి నా పేరొక్కటే పంపారు. నలుగురిలో నోరు విప్పలేని నాకు, నలుగురితో మాట్లాడటానికి దొరికిన దారి అదొక్కటే. విషయం కూడా ముందే చెప్పారు: యంత్రాల వల్ల మానవునికి కలిగే మేలు. పదిన్నర బస్సుకు అమ్మతో వెళతానంటే నాన్న నొచ్చుకున్నారు.

"వాకిట్లో కారు పెట్టుకుని పిల్లని బస్సెక్కించానంటే సెక్షన్‌లో నా పరువేం కాను? పన్నెండుకల్లా బాగుచేసేస్తాం. దర్జాగా దిగుదువుగాని."

బొత్తాం చెడకపోతే, మా నాన్నకు నా మీద ఇంత ప్రేమ ఉందని నాకెలా తెలిసేది?

పని మొదలుపెట్టే ముందు జాబ్ కార్డు రాయాలి. ఫ్యాక్టరీలో కార్డు మీద లేని పని పనే కాదు. కార్డు మీదికి ఎక్కిన పనిని కాదనడం ఎవరి తరమూ కాదు. పోటీ కోసం నేను దాచుకున్న తెల్లకాగితాల్లోంచి నాన్న ఒకటి తీసుకుని గళ్ళు గీశారు. ఫిర్యాదు, పరిశీలన, చేయవలసిన పని, సంతకం. గీతలు స్కేలు పెట్టి గీయడానికి ఇరవై నిమిషాలు పట్టింది. గీతలు తిన్నగా లేకపోతే కార్డు ఓకే కాదు కదా!

నరసింహమూర్తిగారిది మెకానికల్. ఆయన బోనెట్ కింద గంటసేపు తలపెట్టి, చేతులు తుడుచుకుంటూ లేచారు.

"స్పీడోమీటర్ కేబుల్ శుభ్రంగా ఉందండీ. ఆక్సిలరేటర్ గొలుసు బాగుంది. ఇది కచ్చితంగా ఎలక్ట్రికల్ ఫాల్టు."

ఏలీయాగారిది ఎలక్ట్రికల్. ఆయన టెస్ట్ ల్యాంపు పట్టుకుని కారు కింద దూరి, ఇంకో గంటకు బయటికొచ్చారు.

"ఫ్యూజు మంచిగున్నది సారూ. బ్రేకు కాడ స్విచ్చి మంచిగున్నది. బొత్తాం దాక కరెంటు వస్తున్నది. గిది మా డిపార్ట్‌మెంట్ గాదు, మీదే."

"మాది కాదయ్యా."

"మీది గాదు, మాది గాదు. ఇగ ఎవలదంటరు, సంగమ్మదా?"

సంగమ్మ అరుగు మీద కూర్చుని చిక్కుడుకాయలు ఒలుస్తోంది. తల ఎత్తకుండానే అడిగింది.

"బండి నడుస్తలేదా బిడ్డా?"

"నడుస్తున్నది," అన్నారు ఏలీయాగారు.

"నడిసేదాన్ని దేనికి ఇప్పుతున్రు? మా ఇంటాయన గిట్లనే మోట బాగుజేస్తనని బాయి గట్టు కూలగొట్టిండు."

చెడిపోయిన యంత్రం వల్ల స్నేహం పెరుగుతుందనడానికి ఇంతకంటే సాక్ష్యం కావాలా? వారమంతా ఒకే షెడ్డులో ఉన్నా పలకరించుకోని రెండు డిపార్ట్‌మెంట్లు మా వాకిట్లో మూడు గంటలు మాట్లాడుకున్నాయి. నాలుగుసార్లు టీ తాగాయి. సంగమ్మ కోళ్ళకు కారు కింద నీడ దొరికింది. అమ్మకు పాలు ఎంత పలచన చేస్తే మనుషులు కనిపెడతారో తెలిసింది. మగవాళ్ళు ఆదివారం పేకాట పూర్తిగా మానేశారు. ఏ సంస్కర్త చేయగలడు ఇన్ని పనులు?

నాకు కలిగిన మేలు వేరు. నాలుగుసార్లూ టీ గ్లాసులు తెచ్చింది నేనే కాబట్టి నాలుగుసార్లూ బోనెట్ లోపలికి చూశాను.

కారు కొన్న కొత్తలో ఆ ఏర్పాటు ఎలా పనిచేస్తుందో నాన్న వచ్చినవారందరికీ చెప్పేవారు. విని విని నాకు నోటికొచ్చింది. ఇంజన్ ఒక సన్నని రబ్బరు గొట్టం గుండా ఒక డబ్బాలోంచి గాలి పీలుస్తుంది. ఆ పీల్పుకు ఆ డబ్బాలోని తిత్తి ముడుచుకుని, ఆక్సిలరేటర్ గొలుసును లాగి పట్టుకుంటుంది. పీల్పు లేకపోతే తిత్తి కదలదు. ఇంతే సంగతి.

ఆయుధ పూజ నాడు ఫ్యాక్టరీలో ప్రతి యంత్రానికీ చేసినట్టే నాన్న కారుకూ పూజ చేశారు. పసుపు దారానికి బంతిపూలు గుచ్చి, "లోపల ఎక్కడైనా కట్టవే, గట్టిగా కట్టు," అంది అమ్మ. సన్నగా, కట్టడానికి అనువుగా ఉన్నదాన్ని చూసి నేను కట్టాను. మూడు పేటలు, మూడు ముళ్ళు. అది ఆ గొట్టమే. పూలు ఎండిపోయాయి కానీ ముడి సడలలేదు. గొట్టం నడుము పట్టి నొక్కేసినట్టుంది.

ఇద్దరు నిపుణులూ ఆ దారాన్ని చూడలేదనుకుంటున్నారా? చూశారు. నరసింహమూర్తిగారు కళ్ళకద్దుకుని పక్క భాగానికి వెళ్ళిపోయారు. ఏలీయాగారు చర్చికి వెళ్ళే మనిషి. "మీ పూజది, నేను ముట్టుడు బాగుండదు," అని చెయ్యి వెనక్కి తీసుకున్నారు. అంత మర్యాదస్థుల మధ్య ఒక గొట్టం ఊపిరాడక ఉండిపోయింది.

నేను చెప్పవచ్చు కదా అంటారు. మొదటి టీతో, "నాన్నా, అదీ..." అన్నాను. "చక్కెర తక్కువైందమ్మా," అన్నారు నాన్న. రెండో టీతో, "మామయ్యగారూ," అన్నాను. నరసింహమూర్తిగారు స్పానర్ అడుగుతున్నాననుకున్నారో ఏమో, తన చేతిలోది నాకిచ్చి పట్టుకోమన్నారు. మూడో టీకి నోరు తెరవలేదు.

"ఏవండీ, పన్నెండున్నరయింది. పిల్లకి పోటీ ఉందన్నారు," అంది అమ్మ లోపల్నుంచి.

"దాని కోసమే కదా ఇదంతా," అన్నారు నాన్న.

నాలుగో టీతో వెళ్ళినప్పుడు జాబ్ కార్డు కారు మడ్‌గార్డు మీద ఉంది. మగవాళ్ళు చేతులు కడుక్కోవడానికి వెళ్ళారు. నేను నా కలం తీసి 'చేయవలసిన పని' గడిలో రాశాను: దసరా దారం గాలి గొట్టాన్ని నొక్కుతున్నది. కత్తిరించవలెను. సంతకం గడి ఖాళీగా వదిలేశాను.

నాన్న వచ్చి చదివారు. మళ్ళీ చదివారు. "నరసింహమూర్తిగారూ, ఎప్పుడు కనిపెట్టారండీ?"

నరసింహమూర్తిగారు కార్డు అందుకుని, కళ్ళజోడు సవరించుకుని, కాదనలేదు. "ఏలీయా, కత్తెర," అన్నారు.

"గీ రాత సారుది గాదు," అన్నారు ఏలీయాగారు, నా వేలి మీది సిరా వైపు చూస్తూ. "అయినా రాత ఎవలదైతేంది, మాట మంచిగున్నది."

దారం తెగింది. నరసింహమూర్తిగారు గొట్టాన్ని వేళ్ళ మధ్య నలిపి మళ్ళీ గుండ్రంగా చేశారు. ఇంజన్ వేసి చూస్తే గొట్టం గాలి పీల్చే చప్పుడు వంటింటిదాకా వినిపించింది. అప్పటికి ఒంటిగంట పావు. నేను కొత్త ఓణీ వేసుకుని, అట్ట, మిగిలిన కాగితాలు పట్టుకుని, పరుగున వెళ్ళి వెనక తలుపు మీద చెయ్యి వేశాను. గేదెను విప్పి అవతల కట్టారు. ముందు సీట్లో నాన్న, నరసింహమూర్తిగారు. వెనక ఏలీయాగారు, ఆయన పక్కన నా చోట్లో పనిముట్ల పెట్టె.

"నాన్నా, రెండింటికి," అన్నాను. టీలు మొదలయ్యాక నేను పూర్తిచేసిన మొదటి మాట అదే.

"ఇది ట్రయల్ రన్ అమ్మా. ట్రయల్‌లో మనుషుల్ని ఎక్కించకూడదు, రూలు. రుద్రారం దాకా వెళ్ళి ఓకే చేసుకుని వచ్చేస్తాం. తర్వాత నిన్ను నలభై మైళ్ళ మీద తీసుకెళ్తా, చూద్దువుగాని."

రుద్రారం సంగారెడ్డి దారిలోనే ఉంది.

చెడిపోయిన యంత్రం మనిషికి మేలు చేస్తుందని మొదట చెప్పాను. ఆ మాట ఇప్పటికీ వెనక్కి తీసుకోను. అది చెడిపోయి ఉన్నంతసేపూ నేను సంగారెడ్డి వెళ్ళబోతూనే ఉన్నాను. బాగుపడ్డాకే ఆగిపోయాను.

నరసింహమూర్తిగారు ముందు సీట్లోంచి వెనక్కి వంగి, "చెయ్యి జాగ్రత్త తల్లీ," అని తలుపు లాగారు. ఆ కారులో ఏనాడూ ఏ ఫిర్యాదూ రాని భాగం ఆ తలుపు ఒక్కటే. మెత్తగా, పూర్తిగా పడింది.