అహల్య గారి హోమ్ డెలివరీ

మంగళవారం పొద్దున జగ్గయ్యపేటలో కామేశం ఇంట్లో వేసుకున్న పథకం చాలా చిన్నది. పాత వాషింగ్ మెషీన్ పోవాలి, కొత్తది రావాలి. కొట్టువాళ్ళు పదికీ పన్నెండుకీ మధ్య తెస్తామన్నారు. అందుకని భార్య అహల్య బడికి సెలవు పెట్టాలి, కామేశం నందిగామలో తన ఆఫీసుకు వెళ్ళాలి. ఇందులో ఎక్కడా ఇంగ్లీషుతో పని లేదు. ఇంగ్లీషును ఇంట్లోకి తెచ్చింది అమ్మాయి అపూర్వ.

పాపం, ఆ పిల్ల మంచికే తెచ్చింది. కామేశం పనిచేసే విత్తనాల కంపెనీని ఈమధ్యే పూణే వాళ్ళు కొనుక్కున్నారు. అప్పటినుంచీ ప్రతి శుక్రవారం కంప్యూటర్‌లో మీటింగు. కామేశానికి ఇంగ్లీషు చదవడం వచ్చు, రాయడం ఇంకా బాగా వచ్చు. వినడమే రాదు. పూణే వాళ్ళు నోరు విప్పితే రేకుల మీద వడగళ్ళు పడ్డట్టుండేది. వాళ్ళు నవ్విన చోట నవ్వి, మిగతా చోట్ల తలూపి నెట్టుకొచ్చాడు. అలా తలూపి తలూపి ఒకసారి గోడౌన్‌లో ఎలుకల నివారణ బాధ్యత కూడా నెత్తికెత్తుకున్నాడు. ఈ శుక్రవారం మాత్రం తలూపితే కుదరదు. అతనితో నేరుగా మాట్లాడి, నందిగామ బ్రాంచి అతనికే ఉంచాలో, అతన్ని ఎక్కడికైనా బదిలీ చెయ్యాలో తేలుస్తామన్నారు.

"పుస్తకాలు ముందేసుకుంటే రాదు నాన్నా. ఇంట్లో మనం మామూలుగా మాట్లాడుకుంటుంటే చెవికి అదే అలవాటవుద్ది," అంది అపూర్వ. కాలేజీ పిల్లలకు ఆన్‌లైన్‌లో ఇంగ్లీషు చెప్పడమే ఆమె ఉద్యోగం. "ఇంకోటి. చిన్న చిన్న మాటలు మానెయ్. పార్సిల్ కోసం వెయిటింగ్ అని అందరూ అంటారు. నువ్వు ఎక్స్‌పెక్టింగ్ ఎ పార్సిల్ అనాలి."

కామేశం ఎక్స్‌పెక్టింగ్‌ను పట్టుకుని పార్సిల్‌ను వదిలేశాడు.

వీరులపాడులో అహల్య లెక్కలు చెప్పే హైస్కూలుకు హెడ్మాస్టరు ఫ్రాన్సిస్ గారు. ఆయన అటెండరుతో కూడా ఇంగ్లీషులోనే మాట్లాడతారు. సెలవు సంగతి ఆయనకు చెప్పడం మంచి ప్రాక్టీసని, స్నానాల గదిలో పాత మెషీన్ చుట్టూ ఉన్న సామాను సర్దుకుంటున్న అహల్యను పిలవకుండా, కామేశమే ఫోన్ చేశాడు.

"గుడ్ మార్నింగ్ సర్. అహల్యాస్ హజ్బెండ్. టుడే లీవ్ సర్. షీ ఈజ్ ఎక్స్‌పెక్టింగ్."

ఫలానా వస్తువని చెప్పకుండా ఆడమనిషి గురించి ఆ ఒక్క మాటే అంటే ఆమె కడుపుతో ఉందని అర్థం. అది ఫ్రాన్సిస్ గారికి తెలుసు. కామేశానికి తెలియదు.

"అహల్య మేడమా! వెన్?"

"టుడే సర్. డెలివరీ బిఫోర్ ట్వెల్వ్."

"మై గాడ్! వేర్?"

"హోమ్ సర్. హోమ్ డెలివరీ. టూ బాయ్స్ ఆర్ కమింగ్."

"ట్విన్స్!" అని కేక పెట్టారు ఫ్రాన్సిస్ గారు. అది కామేశానికి "థాంక్స్" లాగా వినిపించింది. "వెల్కమ్ సర్," అని ఫోన్ పెట్టేసి, తన ఇంగ్లీషుకు తానే మురిసిపోతూ నందిగామ బస్సెక్కాడు.

ఫ్రాన్సిస్ గారు కుర్చీలో కూలబడ్డారు. నలభై ఏడేళ్ళ మనిషి. నిన్న సాయంత్రం దాకా నల్లబల్ల ముందు నిలబడి త్రిభుజాలు గీసింది. మేడం మొదట్నుంచీ కాస్త ఒళ్ళున్న మనిషి, పైగా చీరకట్టు, ఎవరూ గమనించలేదనుకున్నారు. భర్త చూడబోతే ఇంటి దగ్గరే కాన్పంటున్నాడు! ఆయన 108కి ఫోన్ చేసి జగ్గయ్యపేట అడ్రసు చెప్పారు. తరువాత స్టాఫ్‌రూమ్‌లో చెప్పి, మోటారుసైకిల్ తీశారు. స్టాఫ్‌రూమ్‌లో తెలుగు పంతులమ్మ నాగశ్రీ ఉంది. నాగశ్రీ నందిగామలో అద్దెకుండేది కామేశం అక్కగారు భారతీదేవి ఇంట్లోనే.

కామేశం ఆఫీసులో టీ గ్లాసు అందుకునేసరికి భారతీదేవి సుడిగాలిలా లోపలికొచ్చింది.

"ఒరేయ్, కూర్చుని టీ తాగుతున్నావా? నీకు సిగ్గుందా అసలు?"

"ఏమైందక్కా?"

"ఏమైందా? పెళ్ళీడుకొచ్చిన పిల్లని ఇంట్లో పెట్టుకుని, ఈ వయసులో అహల్యకి కాన్పేంట్రా?"

కామేశం చేతిలో గ్లాసు ఒరిగి టీ అంతా చొక్కా మీద పడింది. కాలిన సంగతి కూడా తెలియలేదు.

"కాన్పా! అహల్యకా! ఎవరన్నారు?"

"ఎవరో అయితే నమ్మేదాన్ని కాదు. వాళ్ళ హెడ్మాస్టరు గారే అన్నారంట. ఇవాళేనంట, ఇంట్లోనేనంట. పైగా కవలలంట, ఇద్దరూ మగపిల్లలేనంట!"

తాను పొద్దున వదిలిన మాటే వీరులపాడు వెళ్ళి, పెద్దదై తన దగ్గరికి తిరిగొచ్చిందని కామేశానికి తట్టలేదు. హెడ్మాస్టరు అన్నాడంటే అబద్ధం కాదు. ఆలోచించిన కొద్దీ నిజమేననిపించింది. నెల రోజులుగా అహల్య నడుం నొప్పంటోంది. మొన్న గోంగూర పచ్చడి మామూలుకన్నా ఎక్కువే తింది. నిన్న ఏదో చెప్పబోతే, తను ఇంగ్లీషులో చెప్పమన్నాడు. ఆమె విసురుగా లేచి వెళ్ళిపోయింది. అదే చెప్పబోయిందేమో!

అహల్యకు ఫోన్ చేస్తే ఎత్తలేదు. అపూర్వ క్లాసులో ఉంది, ఆమె కూడా ఎత్తలేదు. భారతీదేవి జాన్‌బాషా కారు మాట్లాడి, తమ్ముణ్ణి అందులోకి నెట్టింది.

"నాకొక్క మాట చెప్పలేదక్కా," అన్నాడు కామేశం.

"చెబితే నీకు తెలుగు వినపడుద్దా? పొద్దస్తమానం ఆ ఇంగ్లీషే కదా!"

"కంగారు పడమాకండి సార్," అన్నాడు జాన్‌బాషా. "మా రమీజా పుట్టినప్పుడు నేను గరికపాడు చెక్‌పోస్టు కాడ లారీలో ఉన్నా. ఇంటికెళ్ళేసరికి అంతా వాళ్ళే చూసుకున్నారు."

చిల్లకల్లు టోల్‌గేటు దగ్గర బండ్లు బారులు తీరి ఉన్నాయి. ఆ కాసేపట్లో కామేశం ఇద్దరు కొడుకులకూ పేర్లు వెతికాడు, వాళ్ళు పదో తరగతికి వచ్చేసరికి తనకెన్నేళ్ళుంటాయో లెక్కవేసి, కళ్ళు మూసుకున్నాడు.

వీధి మొదట్లోనే జనం. పెనుగంచిప్రోలులో ఎవరినో దించి ఆలస్యంగా వచ్చిన అంబులెన్సు, ఇంటి ముందు అప్పుడే ఆగింది. దాని వెనక ఓ వ్యాన్ దారి లేక హారన్ కొడుతోంది. పక్కింటి రిటైర్డ్ నర్సు ఆరోగ్యమ్మ వేడినీళ్ళ గిన్నె పట్టుకుని గడప ఎక్కుతోంది. ఫ్రాన్సిస్ గారు మర్యాద కొద్దీ గోడవైపు తిరిగి నిలబడి ప్రార్థన చేస్తున్నారు. సరిగ్గా అప్పుడే లోపలినుంచి అహల్య గొంతు వినిపించింది.

"అమ్మా! ఇంక నా వల్ల కాదు. ఎవరన్నా వచ్చి ఒక చెయ్యెయ్యండే!"

కామేశం ఎలా పరుగెత్తాడో, "అహల్యా!" అంటూ స్నానాల గది తలుపు తోశాడు. వెనకే భారతీదేవి, ఆరోగ్యమ్మ, స్ట్రెచరు మోస్తున్న ఇద్దరు.

అహల్య చీర ఎగదోపుకుని, పాత వాషింగ్ మెషీన్‌ను రెండు చేతులా వాటేసుకుని బయటికి లాగుతోంది. తలెత్తి భర్తను చూసింది. ఆడపడుచును చూసింది. స్ట్రెచరును చూసి బిత్తరపోయింది.

"అయ్యో, ఎవరికేమైంది?"

ఆరోగ్యమ్మ గిన్నె కింద పెట్టి, అహల్య పొట్ట మీద చెయ్యేసి నొక్కి చూసింది. "ఇదంతా ఒళ్ళేనమ్మా. లోపల ఎవరూ లేరు," అని తేల్చేసింది.

అప్పుడే వ్యాన్ దిగిన ఇద్దరు కుర్రాళ్ళు పెద్ద అట్టపెట్టె మోసుకుంటూ వరండాలోకొచ్చారు. "మేడం, హోమ్ డెలివరీ. ఎక్కడ దించమంటారు?"

ఫ్రాన్సిస్ గారు గోడవైపు నుంచి ఇటు తిరిగారు. అట్టపెట్టెను చూశారు, కుర్రాళ్ళను ఒకటికి రెండుసార్లు లెక్కపెట్టారు. "టూ బాయ్స్!" అన్నారు నీరసంగా. "మరి మీరే కదండీ, షీ ఈజ్ ఎక్స్‌పెక్టింగ్ అన్నారు!"

చెవులకు హెడ్‌ఫోన్స్‌తో గదిలోంచి వచ్చిన అపూర్వ నోరు తెరిచింది. "నాన్నా! వాషింగ్ మెషీన్ అన్న మాట చెప్పలేదా? చెప్పకపోతే అమ్మ కడుపుతో ఉందని అర్థం!"

కామేశం స్ట్రెచరు మీద కూర్చున్నాడు.

అహల్యకు మొత్తం అర్థమైంది. మొహం జేవురించింది. కాపురానికొచ్చాక ఆమె నలుగురిలో భర్తను ఒక్క మాటన్నది లేదు. ఇప్పుడు కిటికీల నిండా, గుమ్మం నిండా జనమే. తెలుగులో మొదలుపెడితే ప్రతి అక్షరం వీధంతటికీ అర్థమవుతుంది. ఊపిరి తీసుకుని, ఆమె ఇంగ్లీషులో మొదలుపెట్టింది.

ఇంగ్లీషు మీడియంలో లెక్కలు చెప్పే గొంతు అది. ఇర్రెస్పాన్సిబుల్ దగ్గర బయల్దేరి, రిడిక్యులస్ మీదుగా, అన్‌ఫర్గివబుల్ దాకా ఎక్కడా ఆగలేదు. ఫ్రాన్సిస్ గారు వ్యాకరణానికి తల పంకిస్తూ ఉండిపోయారు. అంబులెన్సు వాళ్ళు స్ట్రెచరు అడగడానికి జంకారు.

"ఏమంటోందే మీ అమ్మ?" అని భారతీదేవి గుసగుసగా అడిగింది.

"నాన్నకి ప్రాక్టీసు చేయిస్తోంది అత్తయ్యా," అంది అపూర్వ.

"ఇంత గొడవలోనా? ఎంత ఓపికమ్మా!" అని భారతీదేవి ముక్కున వేలేసుకుంది.

అహల్య ఆ రోజుతో ఆపలేదు. బుధవారం ఇడ్లీల దగ్గర కొనసాగించింది, గురువారం రాత్రి అన్నాల దగ్గర మళ్ళీ మొదటినుంచి వినిపించింది. శుక్రవారం మీటింగులో పూణే పెద్దాయన అడిగిన ప్రతి ప్రశ్నకూ కామేశం తడుముకోకుండా జవాబు చెప్పాడు. నందిగామ బ్రాంచి అతనికే ఉంచారు.

పూణే వాళ్ళు మరీ ఇంత నెమ్మదిగా, ఇంత మర్యాదగా మాట్లాడతారని అతనికి అంతవరకూ తెలియదు.