వయసుకు తగ్గ తప్పు

మనిషి బుర్ర ఎవరి అనుమతీ లేకుండా దానంతటది ఎదుగుతూ పోవడం ప్రభుత్వానికి చాలాకాలంగా తలనొప్పిగా ఉండేది. అందుకే బాలల ఆలోచనల ధ్రువీకరణ కార్యాలయం వెలిసింది. (అంతకుముందు పిల్లలు ఎలా ఆలోచించేవారో రికార్డుల్లో లేదు కాబట్టి, అసలు ఆలోచించలేదనే భావించాలి.)

ఆరేళ్ళు నిండవస్తున్న కూతురి చెయ్యి పట్టుకుని, సోమవారం పొద్దున్నే ఒక దర్జీ ఆమె అక్కడ వరుసలో నిలబడింది. ఈ కార్యాలయం ఇచ్చే పత్రం లేనిదే బడిలో సీటు ఇవ్వరు. గడువు శుక్రవారం.

మొదటి కిటికీ చంటిపిల్లలది. గిలక్కాయను గుడ్డ కింద దాచినా అది అక్కడే ఉందని నమ్మి వెతికిన బిడ్డకు ముద్ర పడుతుంది. (అక్కడి గుమాస్తా టీకి వెళ్ళి గంటన్నర అయింది. కంటికి కనబడనంత మాత్రాన మనిషి లేనట్టు కాదన్న జ్ఞానం తల్లులకు కూడా ఆ కిటికీ దగ్గరే కలుగుతుంది.) చివరి కిటికీ పదిహేనేళ్ళవాళ్ళది. వాళ్ళు లేని సంగతిని ఊహించి మాట్లాడగలగాలి. "ఒకవేళ ఈ ఆఫీసే లేకపోతే?" అని ఊహించిన అమ్మాయిని సంజాయిషీ రాయమని పక్కన కూర్చోబెట్టారు.

దర్జీ ఆమె వంతు మధ్య కిటికీలో వచ్చింది. అధికారి రెండు పొట్టి గ్లాసుల్లో సమానంగా నీళ్ళు పోసి, పాప చూస్తుండగానే ఒకదానిలోవి సన్నటి పొడుగు గ్లాసులోకి వంచాడు.

"ఇప్పుడు ఎందులో ఎక్కువున్నాయి పాపా?"

"రెండిట్లోనూ అన్నే ఉన్నాయి," అంది పాప. "బట్ట మడత పెడితే తగ్గిపోతుందా ఏంటి?"

తప్పు పాపది కాదు. కత్తిరింపు బల్ల కింద పెరిగిన పిల్ల అది. "నేనిచ్చిన గుడ్డ ఇంతేనా?" అని ఎవరో ఒకరు నిలదీయడం, తల్లి మడత విప్పి టేపు పెట్టి కొలిచి చూపించడం రోజూ చూస్తూనే ఉంది.

అధికారి బాధగా తల ఊపాడు. "ఏడేళ్ళ లోపు పిల్లలు పొడుగు గ్లాసులోనే ఎక్కువున్నాయనాలమ్మా. రూలు."

"కానీ సమానమే కదా సార్?"

"సమానమే. నేను కాదన్నానా? ఆ సంగతి మీ పాపకి తెలిసే వయసు ఇంకా రాలేదంటున్నాను." కాగితం మీద 'వయసుకు తగ్గ తప్పు చేయలేదు, గురువారం మళ్ళీ హాజరు కావలెను' అని రాసి చేతిలో పెట్టాడు.

ఇంటికొచ్చి తల్లి రెండు రకాల గ్లాసులు బయటకు తీసింది. మూడు రోజులు సాధన నడిచింది.

"ఎందుకమ్మా అబద్ధం చెప్పాలి?"

"అబద్ధం కాదే తల్లీ. ఆయన అడిగేది నీళ్ళ గురించి కాదు. ఆయన మొహం చూడు, ఏం కావాలో తెలిసిపోతుంది. అదే చెప్పెయ్."

ఒకరి గుడ్డలో జానెడు ముక్క కూడా దాచుకోని మనిషి, కన్నబిడ్డకు దొంగ కొలత నేర్పుతోంది. ఆమెకు తన మీద తనకే రోత పుట్టింది. అయినా సీటు సీటే కదా అనుకుని మళ్ళీ నీళ్ళు పోసింది.

గురువారం అధికారి గ్లాసులు సిద్ధం చేసి అదే ప్రశ్న అడిగాడు. పాప గ్లాసుల వంక చూడనే లేదు. ఆయన మొహాన్నే కాసేపు పరిశీలించి, చిన్నగా నవ్వింది.

"మీరు ఏదంటే అదే సార్."

అధికారి కలం ఆగిపోయింది. రూల్సు పుస్తకం తెరిచాడు. ఎదుటివాడి మొహం చూసి జవాబు చెప్పడం చంటిపిల్లల పేజీలో లేదు, బడిపిల్లల పేజీలో లేదు, పదిహేనేళ్ళవాళ్ళ పేజీలోనూ లేదు. ఆఖరికి సిబ్బంది నియామకాల పేజీలో దొరికింది. ఆయన లేచి నిలబడి, తన కుర్చీ కాస్త జరిపి, "కూర్చోండి మేడమ్," అన్నాడు. పాపతోనే.

'ఎదుగుదల సంపూర్ణం' అని ముద్ర వేసిన కాగితం తల్లి చేతికొచ్చింది. ఆమె దాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది.

"మరి బడిలో సీటు సార్?"

"ఇంకా బడి ఎందుకమ్మా?" అన్నాడాయన ఎంతో గౌరవంగా. "నేర్పాల్సింది మీరే నేర్పేశారు కదా."