ధర్మేంద్ర ఇల్లెక్కడ?

పాస్‌పోర్టు విచారణకు పోలీసు వచ్చే రోజని ధర్మేంద్ర పొద్దున్నే తలంటుకుని, ఇస్త్రీ చొక్కా తొడుక్కుని వీధి అరుగు మీద కూర్చున్నాడు. సింగపూరులో ఓడలు కట్టేచోట వెల్డింగు పని దొరికింది. నెలాఖరులోగా పాస్‌పోర్టు చేతికి రాకపోతే ఆ పని ఇంకొకడికి ఇచ్చేస్తారు. వచ్చే పోలీసుకు భోజనం పెట్టాలని తల్లి గున్నమ్మ కోడిపుంజును కోసింది. కాకీ బట్టలు, టోపీ, చేతిలో లాఠీ. తల్లీకొడుకులు ఎదురుచూస్తున్న పోలీసు అలా ఉంటాడు.

భోగాపురం చుట్టుపక్కల ఊళ్లకు విమానాశ్రయం కబురు వచ్చిన ఏడాది అది. జీడితోటలూ సరుగుడు తోటలూ కొట్టేసి ఆ నేల మీద విమానాలు దింపుతారట. ఎవరిని అడిగారు? ఎవరినీ అడగలేదు. పేర్లు మాత్రం అడిగేవారు. రోజుకో మనిషి ఫైలు చంకన పెట్టుకుని వచ్చి ఫలానావాడి ఇల్లెక్కడ అనేవాడు. చూపిస్తే గోడకి నోటీసు అంటించి పోయేవాడు. అందుకని పోరాట కమిటీ పెద్ద జగన్నాధం ఊరిని కూర్చోబెట్టి పాఠం చెప్పాడు. ఈయన ధర్మేంద్రకు స్వయానా మేనమామ.

"ఫైలట్టుకొని ఎవుడొచ్చినా, ఎవుడి పేరడిగినా, తెల్దు. ఇంకో మాట నేదు."

ఊరు ఆ పాఠాన్ని బడిపిల్లల కంటే బాగా నేర్చుకుంది.

ఎండెక్కాక మోటారు సైకిలు మీద గళ్ల చొక్కా మనిషి ఒకడు వచ్చాడు. చంకలో ఫైలు. పకోడీల బడ్డీ దగ్గర ఆగి తాతమ్మను అడిగాడు.

"అమ్మా, ధర్మేంద్ర ఇల్లెక్కడ?"

"ఆ పేరుగలోళ్లు మా ఊర్లో నేరు బాబూ."

"ఈ ఊరి అడ్రసే ఇచ్చాడమ్మా."

"ఇచ్చినోన్నే అడుగు మరి. పకోడీ తింటావేటి?"

పక్కనే వల బాగుచేసుకుంటున్న అసిరయ్యకు, ఒట్టి తెలీదంటే నమ్మడేమోనని అనుమానం వచ్చింది. "ధర్మేంద్రా? ఆడు సచ్చిపోనాడు బాబూ. మంచోడు," అన్నాడు. మంచోడన్న మాట దగ్గర కళ్లు కూడా తుడుచుకున్నాడు.

గళ్ల చొక్కా మనిషి అన్నీ రాసుకుని, చివరికి అరుగు మీదున్న ఇస్త్రీ చొక్కా కుర్రాడి దగ్గరకు వచ్చాడు.

"బాబూ, చదువుకున్నవాడిలా ఉన్నావు. ధర్మేంద్ర అని ఎవరైనా తెలుసా?"

ధర్మేంద్ర ఫైలు వైపు చూశాడు. పోలీసు వచ్చే పూటే ఈ నోటీసుల వాడు తగలాలా అని ఒళ్లు మండింది.

"తెల్దండి."

"ఆ పేరే వినలేదా?"

"ఇన్నేదు. పోలీసోళ్లు వస్తన్నారు, నువ్వు బేగి ఎల్లిపో. మల్లా గొడవైపోతాది."

ఆ మనిషి అతణ్ణి ఎగాదిగా చూసి, ఆ మాట కూడా రాసుకుని వెళ్లిపోయాడు. తల్లీకొడుకులు పొద్దుగూకేదాకా ఎదురుచూసి, పోలీసు కోసం వండిన కూర తామే తినేశారు.

వారం గడిచినా ఎవరూ రాకపోయేసరికి ధర్మేంద్ర స్టేషనుకు వెళ్లాడు. అక్కడ కుర్చీలో గళ్ల చొక్కా ఆయనే ఉన్నాడు.

"నేనే ధర్మేంద్రనండి."

"ఆ రోజు తెలీదన్నావు. మధ్యలో ఎవరు చెప్పారు?"

"మీరు పోలీసని తెల్దండి."

"ఈ పనికి మేం మఫ్టీలోనే వస్తాం. ఊళ్లో ఒకావిడ నువ్వు లేవంది, ఒకాయన చచ్చిపోయావన్నాడు, నువ్వేమో నిన్నే ఎరగనన్నావు. రేపటికల్లా ఇద్దరిని తీసుకొచ్చి నువ్వు నువ్వేనని చెప్పించు. లేకపోతే ఇదే పైకి పంపించేస్తాను."

ధర్మేంద్ర తిన్నగా మేనమామ దగ్గరకు పోయాడు. "మావా, నీ పాఠం నా కొంప ముంచీసినాది."

జగన్నాధం మీసం దువ్వుకున్నాడు. "ఇద్దరెల్తే లోపలేస్తారురా. ఇద్దరెందుకు, ఊరంతా ఎల్దుం."

"వద్దు మావా. ఆయన ఇద్దర్నే రమ్మన్నాడు."

"నువ్వూరుకో. నీకు తెల్దు."

మర్నాడు ట్రాక్టర్ల మీద ఊరు కదిలింది. "ధర్మేంద్ర మావోడే" అని బయలుదేరారు. కానీ ఆ నోళ్లు అప్పటికే వేరే నినాదానికి అలవాటుపడి ఉన్నాయి. స్టేషను గేటు దగ్గరకు వచ్చేసరికి అది "మా భూములు మాయే" అయిపోయింది. ట్రాక్టర్లు రోడ్డుకు అడ్డంగా ఆగాయి. వెనక బస్సులు నిలిచిపోయాయి. గళ్ల చొక్కా ఆయన కాదు, ఎస్సై బయటకు వచ్చాడు.

"పర్మిషనెవరిచ్చారు? ఎవడి కోసం ఇదంతా?"

ఊరంతా ఒకేసారి వేళ్లు చూపించింది.

"ఈడి కోసమే బాబూ. ధర్మేంద్ర. గున్నమ్మ కొడుకు. మా ఊర్లోనే పుట్టినాడు."

"సచ్చిపోనాడని నాను అబద్ధమాడినాను బాబూ," అన్నాడు అసిరయ్య. "బతికే ఉన్నాడు, రాసీండి."

ఎస్సై రాసేశాడు. రోడ్డు దిగ్బంధం, స్టేషను ముట్టడి. మొదటి ముద్దాయి ధర్మేంద్ర, తండ్రి పేరు, ఇంటి నంబరుతో సహా. జగన్నాధం గుంపును తోసుకుని ముందుకొచ్చాడు.

"ఆడు కాదు, లీడర్ని నాను. నన్ను రాసుకోండి."

"ఎవరితను?" అన్నాడు ఎస్సై, ఫైలు తెరిచే ఉంచి.

ఫైలు చూడగానే ఊరు జాగ్రత్తపడింది.

"తెల్దు బాబూ," అంది తాతమ్మ. మిగతావాళ్లూ అదే అన్నారు.

సింగపూరు పని ఇంకొకడికి పోయింది. బెయిలు షరతు ప్రకారం ధర్మేంద్ర ప్రతి సోమవారం స్టేషనుకు వెళ్లి సంతకం పెడుతున్నాడు. అతను ఆ ఊళ్లోనే ఉంటున్నాడన్న విషయంలో సర్కారుకు ఇప్పుడు ఏ అనుమానమూ లేదు.