ఫ్లెక్సీ కింది వరుస

పొద్దున్నే బస్సెక్కి పులివెందుల వెళ్ళాలి, ఇంటర్వ్యూ ముగించుకోవాలి, ఉద్యోగం వచ్చాకే నలుగురికీ చెప్పాలి. ఇదీ జువేరియా పథకం. పథకంలో లోపమేమీ లేదు, వాళ్ళ నాన్న వలి బాషాకు సంతోషం దాచుకోవడం చేతకాదన్న ఒక్క సంగతి తప్ప.

జువేరియా ప్రొద్దుటూరులో ఒక కాలేజీలో వృక్షశాస్త్రం చెబుతుంది. కాంట్రాక్టు ఉద్యోగం, ఏటా ఎండాకాలం వచ్చేసరికి ఉంటుందో ఊడుతుందో తెలియదు. పులివెందుల దగ్గర కొత్తగా తెరిచిన చీని, అంటే బత్తాయి, పరిశోధన కేంద్రంలో ఉన్నది ఒకటే పోస్టు. వయసు పరిమితి దాటకముందు ఆమెకు ఇదే ఆఖరి అవకాశం. ఆమె బలమంతా సైటేషన్లే. మిట్టమధ్యాహ్నం ఎండకు చీని ఆకులు కిరణజన్య సంయోగక్రియ తగ్గించుకుని కునుకు తీస్తాయని శాస్త్రజ్ఞుల మాట. పులివెందుల తోటల్లో మాత్రం తీయడం లేదని ఆమె పేపరు రాసింది. దాన్ని దేశదేశాలవాళ్ళు తమ పేపర్లలో ప్రస్తావించారు.

"సైటేషనంటే ఏంది బేటీ?" అని వలి బాషా వారం కిందట అడిగాడు.

"మన పరిశోధన గురించి వేరేవాళ్ళు వాళ్ళ పేపర్లలో పేరుపెట్టి రాయడం అబ్బా," అంది నాన్నతో.

"మెచ్చుకుంటేనే గదా పేరుపెట్టి రాసేది!"

జువేరియా నోట్లో అప్పుడు పళ్ళ బ్రష్షు ఉంది. అది తీసి నిజం చెప్పి ఉంటే ఈ కథ లేదు. రాసినవాళ్ళలో ముక్కాలు మంది ఆమె చెప్పింది తప్పు అనడానికే రాశారు. లెక్కపెట్టే కంప్యూటరుకు తిట్టూ పొగడ్తా ఒకటే కాబట్టి సంఖ్య మాత్రం ఘనంగా ఉంది.

వలి బాషా తన టైలరు షాపు మూసి, నేరుగా ఫ్లెక్సీలు వేసే మహేంద్ర దగ్గరికి పోయాడు. మన వైపు పుట్టినరోజైనా పదవైనా ఫ్లెక్సీ పద్ధతి ఒకటే. పైన ఘనులవారి పెద్ద ఫొటో, కింద 'అభినందనలతో' అని అభిమానుల చిన్న ఫొటోలు.

"కింద ఎవురెవురిని ఎయ్యాల మామా? మీ బావమరుదులనా?"

"వాళ్ళెందుకప్పా! మా పాపను మెచ్చుకునినోళ్ళు దేశదేశాల్లో ఉండారు. ఇంటర్నెట్టులో ఎతుకు."

మహేంద్ర పని పట్టాడంటే వదలడు. అందరి ముఖాలూ వెతికి పట్టుకున్నాడు. మెడ కింద భాగం దొరకనివాళ్ళకు తన దగ్గర సిద్ధంగా ఉండే ఖద్దరు చొక్కా, జోడించిన చేతులు తగిలించాడు. అలవాటు ప్రకారం అందరినీ తెల్లగా చేశాడు. ఆ తెలుపులో ఒకాయన నెరిసిన మీసం కూడా కొట్టుకుపోయింది.

జమ్మలమడుగు బస్టాండులో బస్సు ఆగినప్పుడు జువేరియా కిటికీలోంచి చూసి కొయ్యబారిపోయింది. ఎదురుగా తన నిలువెత్తు ఫొటో. కింద ఒక జపాన్ శాస్త్రజ్ఞుడు, ఒక జర్మనీ ఆయన, ఇంకా ఎందరో ఖద్దరు చొక్కాల్లో తనకు నమస్కారం పెడుతున్నారు. ఆమె నాన్నకు ఫోను చేసింది.

"అబ్బా, ఈ ఫ్లెక్సీ ఏంది?"

"జూసినావా! నువ్వు బస్సెక్కినాక మన వీధిలో ఒగటి కట్టించినా, జమ్మలమడుగులో మీ మేనమామ జూస్తాడని ఒగటి, పులివెందుల్లో ఇంటర్వ్యూ ఆఫీసు కాడ శానా పెద్దది."

"వాళ్ళు మెచ్చుకోల్యా అబ్బా! తప్పని రాసినారు!"

"తప్పని రాసేదానికి అంతమంది అంత కష్టపడతారా? పిచ్చిదానా, నువ్వు ఇంటర్వ్యూ సంగతి జూసుకో."

పులివెందులలో ఫ్లెక్సీ పరిశోధన కేంద్రం గేటు కంటే పెద్దగా ఉంది. దాని ముందు తలెత్తి నిలబడిన మనిషిని చూడగానే జువేరియాకు ఉద్యోగం మీద ఆశ పోయింది. ఆయన ప్రొఫెసర్ ప్రవీణ్. ఇంటర్వ్యూ బోర్డుకు పెద్ద. ఆమె పేపరును అందరికంటే గట్టిగా ఖండించినవారు.

"ఏంటండీ ఇది? మీరు రాసింది తప్పని పేజీలకు పేజీలు రాసినవాణ్ణి. మీకు దణ్ణం పెడుతున్నానా? పైగా నా మీసమేదండీ?"

"మా నాన్న, సార్..." అంది జువేరియా.

అంతలో ఒక జీపు వచ్చి ఆగింది. దిగింది సుశీలమ్మ, వలి బాషా ఫోనులో చెప్పగా వచ్చింది. జువేరియా పరిశోధన చేసిన తోట ఆమెదే, తొండూరు దగ్గర. ఫ్లెక్సీ వైపు ఒకసారి, ప్రొఫెసర్ వైపు ఒకసారి చూసి మొహం వెలిగించుకుంది.

"మా జువేరియమ్మను మెచ్చుకునిన సారు నువ్వే గదా సామీ! దా, మా తోటకు పోదాం. సంగటి, కోడికూర చేసినాం."

"నేను మెచ్చుకోలేదమ్మా!"

"ఫ్లెక్సీలో ఉండి లేదంటే ఎట్లా సామీ?" అంది సుశీలమ్మ. చుట్టూ చేరిన జనం అవునన్నారు. ఫ్లెక్సీలో ముఖం ఉన్నవాడు విందుకు రాకపోతే ఆ ఊళ్ళో అంతకంటే అవమానం లేదు. ప్రొఫెసరును జీపులో కూర్చోబెట్టారు. కోడికూర మాట విన్న బోర్డు సభ్యులు తమంతట తామే వెనకాల కారెక్కారు.

తోట చేరేసరికి మిట్టమధ్యాహ్నం. చెమట తుడుచుకుంటూ ప్రొఫెసర్, "సరే, వచ్చాం కదా, మీ ఆకులు మేలుకుని ఉన్నాయేమో ఇక్కడే చూపించండి. ఇదే మీ ఇంటర్వ్యూ," అన్నారు. జువేరియా సంచిలోంచి ఆకు పనితీరు కొలిచే చిన్న యంత్రం తీసి ఒక ఆకుకు తగిలించింది. అంకె పడిపోలేదు. ప్రొఫెసర్ యంత్రం లాక్కుని వేరే చెట్టుకు తగిలించారు, ఆ పక్క చెట్టుకూ తగిలించారు. తర్వాత వంగి, చెట్టు మొదట్లో పరిచిన శనక్కాయ పొట్టు తొలగించి చూశారు. కింద మన్ను తడిగా ఉంది.

"ఈ పొట్టు సంగతి మీ పేపర్లో ఉందా?"

"మొదట్లోనే ఉంది సార్. మీరు పొట్టు లేకుండా కుండీల్లో మొక్కలు పెట్టి చూశారు."

ప్రొఫెసర్ పొట్టును మళ్ళీ మొదట్లోకి సర్ది, చేతులు కడుక్కుని భోజనానికి కూర్చున్నారు. ఆ తర్వాత ఆయన అన్న మొదటి మాట, ఇంకో ముద్ద సంగటి వేయమని.

ఉద్యోగం జువేరియాకే వచ్చింది. కాగితం చేతికొచ్చిన రోజు ఆమె ఏడ్చింది, వలి బాషా ఆమెకంటే గట్టిగా ఏడ్చాడు. కొన్నాళ్ళకు ప్రొఫెసర్ తాను పొరపడ్డానని, జువేరియా చెప్పిందే నిజమని ఇంకో పేపరు రాశారు. వలి బాషా మళ్ళీ మహేంద్ర దగ్గరికి బయల్దేరాడు. ఈసారి జువేరియా గుమ్మంలో అడ్డం నిలబడి, ముందు ప్రొఫెసరుకు ఫోను చేసి అనుమతి అడిగించింది.

ఆయన అభ్యంతరం లేదన్నారు. మీసం మాత్రం ఉంచమన్నారు, వీలైతే కాస్త నల్లగా.