కంపెనీ పిలిచిన కారు

కోళ్ళు కూయకముందే బయలుదేరాలని, మధ్యాహ్నం భోజనానికి జగర్గుండా చేరాలని, ముందు సీట్లో తానే కూర్చోవాలని బుల్లమ్మ ముందురోజే షరతులు పెట్టింది. రామనర్సయ్య అన్నింటికీ తల ఊపాడు. తల ఊపడంలో ఆయనకు సాటివచ్చే భర్త కోంట బ్లాకు మొత్తంలో లేడు. ఊపిన తలకూ తర్వాత జరిగే పనికీ సంబంధం ఉండాలని ఆయన ఎన్నడూ అనుకోలేదు.

బుల్లమ్మ పుట్టిల్లు జగర్గుండా. వాళ్ళ నాయన అక్కడి సంతలో ఉప్పూ బట్టలూ అమ్మేవాడు. అక్క పార్వతీ తనూ చింతపండు కుప్పల మీద ఆడుకుని పెరిగారు. బుల్లమ్మ పెళ్ళయి కోంట దగ్గరి ఈ ఊరికి వచ్చాక, అటువైపు తుపాకులు మోగే చెడ్డరోజులు వచ్చాయి. రోడ్లు తవ్వేశారు, వంతెనలు కూలాయి, జగర్గుండా అడవి మధ్యలో ఒంటరిదైపోయింది. అక్కాచెల్లెళ్ళకు మిగిలింది ఫోనొక్కటే. అదీ సిగ్నల్ దొరికిన పూట. అక్క మాట ముక్కలు ముక్కలుగా వచ్చేది. మిగతా ముక్కలు బుల్లమ్మ తనే అల్లుకుని, వంటింట్లో పొయ్యి ముందు కూర్చుని, పొగ వల్ల అన్నట్టు కళ్ళు తుడుచుకునేది. అక్కను చూడాలి. ఆమెకున్న కోరిక అదొక్కటే.

తీరా కొత్త రోడ్డు పడింది. రోడ్డు వెనకే బస్సూ వచ్చింది. కానీ అదే ఏడు మిర్చి బాగా పండి, రామనర్సయ్య ఒక పాత తెల్ల డీజిల్ కారు కొన్నాడు. బుల్లమ్మ బస్సు మాట ఎత్తినప్పుడల్లా ఆయనది ఒకటే జవాబు.

"ఇంట్ల కారు పెట్టుకొని బస్సుల పుట్టింటికి పోతవా? నలుగురు నన్ను ఏమంటరు?"

ఆ నలుగురే కారులో తిరిగారు. కిష్టారం నుంచి జ్వరంతో ఉన్నవాళ్ళను భద్రాచలం ఆస్పత్రికి తీసుకుపోయింది ఆ కారు. ఎవరి పెళ్ళికూతురినో మోసింది, ఎవరి మిర్చి బస్తాలో మోసింది. పక్కింటి దేవా భార్య పొజ్జే రెండో కాన్పు దాని వెనక సీట్లోనే అయింది. జగర్గుండా ప్రయాణం మాత్రం ప్రతిసారీ వచ్చే వారానికి జరిగేది. ఇంట్లో ఈగల మోత, బయట పల్లకీల మోత అంటే ఇదే.

అట్లాంటి కారుకు ఒకరోజు దాన్ని తయారుచేసిన కంపెనీ నుంచి పిలుపు వచ్చింది. ఫోనులో ఇంగ్లీషులో వచ్చిన సందేశాన్ని మేనల్లుడు రాజశేఖర్ చదివి చెప్పాడు.

"మామా, నీ కారు పొగల ఉండాల్సినదానికన్న విషం ఎక్కువుందట. ఇట్లాంటి డీజిల్ బండ్లన్నిటినీ వాపస్ పిలుస్తున్నరు. జగదల్‌పూర్ల ఇంజన్‌కు ఏందో మార్చి ఇస్తరట."

"నా బండి పొగ సంగతి వాళ్ళకెవడు చెప్పిండు?" అన్నాడు రామనర్సయ్య అనుమానంగా, దేవా ఇంటివైపు చూస్తూ.

"ఎవరూ చెప్పలే మామా, అన్ని బండ్లకూ వచ్చింది. పైసా కూడా తీసుకోరట."

అక్కడే వచ్చింది తంటా. పైసా అడుగుతారంటే ఎవరికీ అనుమానం వచ్చేది కాదు. ఊరికే చేస్తారనేసరికి ఊరంతా ఆలోచనలో పడింది. ఆ ప్రాంతంలో పైవాళ్ళు పిలిచిన బండి తిరిగిరావడం ఎవరూ చూడలేదు. ఠాణా వెనక జమ చేయించిన మోటార్‌సైకిళ్ళ మీద కాకరతీగ పాకి, కాయలు కూడా కాస్తోంది. కారు పోతే పోయినట్టేనని ఆ సాయంత్రానికి ఊరు తేల్చేసింది.

బుల్లమ్మ వాకిట్లో కూలబడింది. "కంపెనీకి అప్పజెప్పే ముందు నన్ను ఒక్కపాలి మా అక్క దగ్గర దించు. ఇంకేమీ అడగ" అంది. రామనర్సయ్య ఈసారి నిజంగానే తల ఊపాడు. రేపు జగర్గుండా, ఎల్లుండి జగదల్‌పూర్. ఎటు పోయినా దోర్నాపాల్ దాకా దారి ఒకటే. బుల్లమ్మ అక్కకు ఫోను చేసి, తెల్లకారు కోసం రోడ్డు మీద చూడమంది. అక్కకు ఇష్టమని భద్రాచలం నుంచి తెప్పించిన ఎండురొయ్యలు మూటకట్టింది.

తెల్లారి కారు తీసేసరికి వాకిట్లో దేవా నిలబడి ఉన్నాడు. చంకలో పిల్లతో పొజ్జే, వెనక అదే ఊరి లక్మా, ముసలి ఆయతి. అందరి చేతుల్లోనూ ఆనపబుర్రలు. బుర్రల నిండా ఇప్పసారా. దూరం పోయేవాళ్ళకు నేల మీద నాలుగు చుక్కలు వదలకుండా అక్కడ ఎవరూ వీడ్కోలు చెప్పరు. పోయి వచ్చేవాళ్ళకైతే నాలుగు చుక్కలు సరిపోతాయి. మరి తిరిగిరాని కారుకు?

దేవా ఒక్కో చక్రానికీ ధారగా పోశాడు. లక్మా, తల అదే గదా అని బానెట్ మీద పోశాడు. ఆయతి తలుపు తీసి, "దీని కడుపుల కూసోని ఆస్పత్రికి పోయి బతికిన" అంటూ సీట్ల మీద బుర్ర ఒంపేసింది. పొజ్జే, బిడ్డ పుట్టిన చోటుకు విడిగా పోసి, కళ్ళు ఒత్తుకుంది. రామనర్సయ్య పుట్టిన తర్వాత సారా ముట్టినవాడు కాడు. అయినా కాదనలేకపోయాడు. వాళ్ళ ఏడుపు చూస్తే ఆయనకే ఏడుపు వచ్చేట్టుంది.

"దోర్నాపాల్ దాక సాగనంపుతం అన్నా" అన్నాడు దేవా, అడగడానికి కాదు, చెప్పడానికి. అప్పటికే అందరూ ఎక్కేశారు. బతికి ఉండగా ముందు సీటు ఎట్లా ఉంటుందో చూడలేదని ఆయతి ముందు కూర్చుంది. బుల్లమ్మ వెనక, ఒళ్ళో పొజ్జే పిల్ల, పిల్ల ఒళ్ళో ఎండురొయ్యల మూట. షరతులన్నీ వాకిట్లోనే ఉండిపోయాయి. పోనీలే, జగర్గుండా పోతే చాలనుకుంది.

దోర్నాపాల్ మొదట్లో బండ్లు తనిఖీ చేసే నాకా దగ్గర జవాను కారు ఆపాడు. తలుపు తీసి, రెండడుగులు వెనక్కి వేశాడు. సారాతో ఎండురొయ్యలు కలిస్తే ఎట్లా ఉంటుందో అతనికెవరూ శిక్షణలో చెప్పలేదు.

"కిస్‌నే పియా?" అన్నాడు. తాగిందెవరని.

"ఎవరూ తాగలే సాబ్. కారు తాగింది" అన్నాడు దేవా, ఉన్నదున్నట్టు.

జవాను రామనర్సయ్య నోటికి గొట్టం పెట్టి ఊదించాడు. ఏమీ చూపలేదు. యంత్రం పాడైందేమోనని పక్కనున్న ఆయతి వైపు తిప్పాడు. ఆమె ఇంకా ఊదకముందే అది కూయడం మొదలుపెట్టింది. యంత్రం బాగానే ఉందని తేలింది. కానీ సంగతి మరీ చిక్కుపడింది.

అప్పుడు రామనర్సయ్య తన పరువు కాపాడుకోవాలనుకున్నాడు. ఇది మామూలు కారు కాదు సాబ్, దీన్ని కంపెనీయే పిలిచిందని వచ్చీరాని హిందీలో చెప్పి, ఫోను తీసి చూపించాడు. జవాను మంచివాడు. మంచివాళ్ళతోనే చిక్కు వచ్చిపడుతుంది. మొత్తం చదివి, ఇంత విషప్పొగ వదిలే బండిని వెంటనే అప్పగించాలి కదా చాచా అని, అందులో ఉన్న నంబరుకు తనే ఫోను చేశాడు. ఆ కంపెనీ బండ్లు మోసే లారీ ఒకటి సుక్మాలో ఖాళీగా ఉందట. ఇప్పుడే పంపుతామన్నారు.

"రేపు, సాబ్. ఇయ్యాల మా ఇంటామెను..." అని రామనర్సయ్య అంటూనే ఉన్నాడు. జవాను, ధన్యవాదాలు అక్కర్లేదన్నట్టు చెయ్యి ఊపాడు.

లారీ వచ్చింది. కారుకు గొలుసులు కట్టి పైకి లాగుతుంటే పొజ్జే ఘొల్లుమంది. లక్మా తలగుడ్డ తీసి నిలబడ్డాడు. రామనర్సయ్య లారీ ముందు భాగంలో ఎక్కి కూర్చున్నాడు. బండిని ఒంటరిగా పంపడానికి ఆయనకు మనసొప్పలేదు.

"నువ్వు వీళ్ళతోటి ఇంటికి పో. బండి వచ్చినంక పోదాం" అన్నాడు కిటికీలోంచి.

ఆ మాట బుల్లమ్మకు కొత్త కాదు. మిర్చి కోత అయినంక, వానలు తగ్గినంక, టైర్లు మార్చినంక. అన్నేళ్ళుగా విన్నది. కానీ ఈసారి లారీ మలుపు తిరిగాక, రోడ్డు మీద రొయ్యల మూటతో నిలబడ్డ ఆమెకు గుండె మండిపోయింది. అక్క ఈపాటికి రోడ్డు మీదికి వచ్చి ఉంటుంది. ఎండలో నిలబడి ఉంటుంది.

"వదినా, కోంట బస్సు ఇటు" అని పిలిచాడు దేవా.

అవతలి పక్క ఇంకో బస్సు ఆగి ఉంది. జగర్గుండా, జగర్గుండా అని కండక్టర్ అరుస్తున్నాడు. బుల్లమ్మ అటు నడిచింది.

"అన్న ఏమంటడో వదినా? బస్సుల పోవద్దన్నడు గద" అన్నాడు దేవా వెంటబడి.

"ఇంట్ల కారున్నోళ్ళు బస్సుల పోగూడదన్నడు" అంది బుల్లమ్మ మెట్టు మీద కాలు పెట్టి. "మనకిప్పుడు కారేడుంది?"

ముందు సీటు ఖాళీగానే ఉంది. కూర్చుంది. కొత్త రోడ్డు నల్లగా, తిన్నగా ఉంది. ఒకదాని తర్వాత ఒకటి జవాన్ల క్యాంపులు వచ్చాయి. ఇప్పచెట్ల కింద ఆడవాళ్ళు రాలిన పూలు ఏరుతున్నారు. ఏదీ ఆమె ఎరిగిన దారిలా లేదు. పొరపాటున వేరే ఊరి బస్సెక్కానేమోనని భయం వేసింది. తర్వాత చింతచెట్లు కనబడ్డాయి. వాటిని ఎవరూ మార్చలేదు. అక్కణ్ణుంచి ఆమె ఏడుస్తూనే ఉంది. పక్కనున్నామె మూట వాసనకు ముక్కు మూసుకుని, పాపం ఇంట్లో ఎవరో పోయారనుకుంది.

బస్సు దిగేసరికి రోడ్డు వారన ఒక ముసలామె, నుదుటికి చెయ్యి అడ్డం పెట్టుకుని దోర్నాపాల్ వైపు చూస్తోంది. జుట్టు పూర్తిగా తెల్లబడింది. వంగిపోయింది. కానీ ఆ నిలబడే తీరు బుల్లమ్మకు తెలుసు. సంతలో నాయన దుకాణం ముందు అట్లాగే నిలబడేది.

"ఎవరి కోసం చూస్తున్నవ్?" అంది బుల్లమ్మ వెనక నుంచి.

"మా చెల్లె వస్తాంది. తెల్లకారుల" అంది ముసలామె, తల తిప్పకుండా. "నన్ను రోడ్డు చూడనియ్యమ్మా."

బుల్లమ్మ అక్కణ్ణుంచి కదల్లేదు. ఎండురొయ్యల వాసనకు పార్వతి చెయ్యి దించి, మెల్లగా వెనక్కి తిరిగింది. పార్వతి చెల్లెలి చెంపలు రెండు చేతులతో పట్టుకుని తడిమి చూసింది.

"కారు వస్తది, కారు వస్తది అని ఎన్నేండ్లు చూస్తినే. బస్సు దిక్కు ఒక్కనాడూ చూడకపోతి" అంది.

"నేను ఎక్కకపోతినక్కా" అంది బుల్లమ్మ.

కొన్నాళ్ళకు కారు తిరిగొచ్చింది. ఊరు నమ్మలేదు. లక్మా చక్రాలు తట్టి చూశాడు. పొగ సంగతి ఒక్క గంటలో సరిచేశారట, సారా వాసన పోగొట్టడానికే మిగతా రోజులు పట్టాయట. రామనర్సయ్య ఆ కారులో నేరుగా జగర్గుండా వెళ్ళాడు. దారి పొడుగునా, వెనక పొగ కనబడక, బండి నడుస్తోందో లేదోనని అద్దంలో చూసుకుంటూనే ఉన్నాడు.

అక్కాచెల్లెళ్ళు అరుగు మీద కాళ్ళు చాపుకుని చింతపండులో గింజలు తీస్తున్నారు. బుల్లమ్మ మొహం చూసి ఆయన వాకిట్లోనే ఆగిపోయాడు. పెళ్ళయిన కొత్తలో చూశాడు ఆ మొహాన్ని. ఎప్పుడు పోయిందో గమనించలేదు. ఆ సంగతి తలచుకుంటే ఆయనకు సిగ్గేసింది.

"కారొచ్చింది. పోదాం పద. ముందు సీటు నీదే" అన్నాడు మెత్తగా.

బుల్లమ్మ కారును ఎగాదిగా చూసింది. బాగుందంది. కడిగారా అని అడిగింది. మళ్ళీ గింజలు తీయడంలో పడింది.

"నువ్వు కార్ల నడువ్. కిష్టారంల ఎవరికన్న జరం వచ్చి ఉంటది" అంది. "నేను రేపు బస్సుకు వస్త."

ఆ రేపు వచ్చేసరికి జగర్గుండాలో చింతపండు కాలం అయిపోయింది.