ఒడిబియ్యానికి గేట్‌పాస్

ప్రశాంతత అనేది ఊరికే దొరికే వస్తువు కాదనీ, ఒక సంఘం, మూడు ఉపసంఘాలు, నూటపన్నెండు నిబంధనలు కలిసి కాపలా కాస్తేనే అది నిలుస్తుందనీ లోకానికి నిరూపించిన ఘనత కరీంనగర్ శివారులోని ‘ప్రశాంతి గ్రీన్ మెడోస్ ఫేజ్ టూ’కే దక్కాలి. (ఫేజ్ వన్ ఎక్కడుందని అడగకూడదు. అది నలభై నాలుగో నిబంధన.)

ఆ ప్రశాంతతలోకి వనజ, ఆమె భర్త సిద్దిరాములు వచ్చి ఎనిమిది నెలలైంది. సిద్దిరాములు బొగ్గుబాయిలో పనిచేసి రిటైరయ్యాడు. బతుకంతా నస్పూర్‌లో కంపెనీ క్వార్టర్‌లోనే గడిచింది. రిటైరయ్యాక క్వార్టర్ అప్పజెప్పి, ఇరవై ఏడో నంబరు విల్లాలో దిగారు. ఇంటిముందు మామిడి మొక్క, పైన మంచి గాలి, తమకు లేని కారుకు నీడపట్టున జాగా. ఏ లోటూ లేదు.

లోటు లేదన్న మాట సిద్దిరాములుది. వనజ లెక్క వేరు. నస్పూర్‌లో దండెం మీద ఆరేసిన తెల్లచీర సాయంత్రానికి బూడిదరంగు తేలేది. ఇక్కడ గాలిలో నలుసు లేదు. కాకపోతే రోడ్డుకు కనబడేట్టు దండెం కట్టకూడదు. కొత్తిమీర కట్ట కావాలంటే హైవే దాకా నడవాలి, లేదా ఫోన్లో తెప్పించుకోవాలి. ఫోన్లో ఒక్క కట్ట రాదు, దానికి తోడుగా అయిదు కిలోల ఉల్లిగడ్డలు కూడా వస్తాయి. దాంతో ఇంట్లో ఉల్లిగడ్డలకు ఒక గది ఏర్పడింది. విల్లా ప్లానులో దాన్ని స్టడీ రూమ్ అన్నారు.

ఇవన్నీ వనజ భరించింది. ఆమె ప్రాణం తోడేసింది ఒకటే: ఎవరూ రారు. నస్పూర్ క్వార్టర్ల గోడలు ఎంత పలుచన అంటే, ఇటింట్లో పోపు మాడితే అటింట్లోంచి “వనజా, ధ్యాస ఏడ వెట్టినవే?” అని కేక వచ్చేది. ఇక్కడి గోడలు ఇల్లంతా మాడినా నోరెత్తవు. వచ్చిన వారంలోనే, ఇరుగుపొరుగు వస్తారు కదా అని, పూలపూల చాయ్ కప్పులు ఆరు కొనిపెట్టింది పిచ్చిది. వాటి అడుగున అంటించిన స్టిక్కర్లు ఇంకా అట్లాగే ఉన్నాయి. ఎదురింటి సరళాదేవి గారిని ఈ ఎనిమిది నెలల్లో చాలాసార్లు చూసింది, కారు అద్దంలోంచి. అది నల్లద్దం కాబట్టి చూసింది సరళాదేవి గారినేనా అన్నది ఖాయంగా చెప్పలేం.

ఇట్లాంటి సమయంలో బిడ్డ సృజన ఒడిబియ్యం వచ్చిపడింది.

పెళ్లయిన ఆడబిడ్డను పుట్టింటికి పిలిచి, ఒడిలో పసుపు కలిపిన బియ్యం, ఎండుకొబ్బరి కుడుకలు, ఖర్జూరాలు పోసి పంపడం ఆ వైపు ఆనవాయితీ. ఐదుగురు ముత్తైదువలు వంతులవారీగా దోసిళ్లతో పోయాలి. సృజనకు పెళ్లై ఇది మూడో ఏడు. వచ్చే నెల భర్త దగ్గరికి మస్కట్ పోతున్నది, మళ్లీ ఎప్పుడొస్తుందో ఆ దేవుడికే తెలియాలి.

“అవ్వా, నాకు చీరె మంచిది వెట్టకున్నా ఫికర్ లేదు,” అంది సృజన తల్లితో ఫోన్లో. “మా రామవ్వ పెద్దమ్మోళ్లు అయిదుగురు మాత్రం రావాలె. వాళ్ల చేతుల వెరిగిన నేను.”

రామవ్వ, శంకరవ్వ, సక్కుబాయి, వినోద, ఆమె కోడలు కావ్య. అందరూ నస్పూర్‌లో ఒకే లైను క్వార్టర్ల వాళ్లు. పిలిస్తే రెక్కలు కట్టుకుని వస్తారు. వనజ సంబరంగా కాలనీ యాప్ తెరిచింది. దాని పేరు ‘నిశ్చింత’. అతిథుల పేర్లు నాలుగు నింపేసరికి నిశ్చింత అంతటితో ఆగిపోయింది. ఒక ఇంటికి ఒక పూట నలుగురు అతిథులు. ఐదో మనిషి వస్తే అది ‘కార్యక్రమం’. కార్యక్రమాలు క్లబ్‌హౌస్‌లోనే జరగాలి. క్లబ్‌హౌస్‌ను ప్రశాంతత దృష్ట్యా మూసి ఉంచారు.

ఐదుగురిలో ఎవరిని ఆపాలి? సృజనకు ఉగ్గు పెట్టిన రామవ్వనా, జడలు వేసిన సక్కుబాయినా? ఆ ప్రశ్న పట్టుకుని వనజ, మరునాడు పొద్దున వాకింగ్ చేస్తున్న సంఘం అధ్యక్షులు వంశీధర్‌రావు గారికి ఎదురుపోయింది. ఆయన మర్యాదస్తుడు. నడక ఆపకుండానే నిలబడి విన్నాడు. (ఉన్నచోటనే అడుగులు వేయడం. ఆయన చేతి గడియారానికి ఆ సంగతి తెలియదు.)

“ఒడిబియ్యమా! మస్తు సంతోషం అమ్మా. మన సంస్కృతి నిలబడాలె. నలుగురిని పిలువుండ్రి.”

“నలుగురు గాదు సార్, అయిదుగురు గావాలె.”

“ఐదో ఆమె వీడియో కాల్‌ల పోస్తది.”

“ఫోన్లకెల్లి బియ్యం ఎట్ల పడ్తయి సార్?”

“అది మీ ఇంటి అంతర్గత విషయం, సంఘం జోక్యం చేసుకోదు,” అని వంశీధర్‌రావు గారు విషయాన్ని అతిథి నియంత్రణ ఉపసంఘానికి నివేదించారు.

ఉపసంఘం మానవత్వం లేనిది కాదు. సాయంత్రానికే తీర్మానం పంపింది. ఐదో ముత్తైదువ గేటు బయట నిలబడి, తన దోసిట్లోని బియ్యాన్ని సెక్యూరిటీకి అప్పగించినట్లయితే, సదరు బియ్యాన్ని పార్సిల్‌గా పరిగణించి ఇరవై ఏడో నంబరుకు చేర్చడం జరుగుతుంది. తడిసిన బియ్యానికి సంఘం బాధ్యత వహించదు.

“మంచిగనే ఉన్నది గదనే,” అన్నాడు సిద్దిరాములు. బాయిలో ఉన్నన్నాళ్లూ సూపర్‌వైజర్ మాటకు ఎదురు చెప్పని మనిషి.

“నీ ఒళ్లె వోయించుకో పార్సిలు బియ్యం!” అని వనజ కస్సుమంది.

పోనీ కాలనీలోని ఆడవాళ్లనే పిలుద్దామని గ్రూపులో మెసేజ్ పెట్టింది. ‘శుక్రవారం మా బిడ్డకు ఒడిబియ్యం, అందరూ రాండ్రి.’ క్షణాల్లో ముప్పై బొటనవేళ్లు లేచాయి, పది జతల చేతులు దండాలు పెట్టాయి. అటుపైన అడ్మిన్ గారు, బియ్యం అన్న మాట చూసి, ఆ మెసేజ్‌ను ‘కొనుగోళ్లు-అమ్మకాలు’ గ్రూపుకు మార్చారు. ఇద్దరు కిలో ఎంత అని అడిగారు. ఒకావిడ సేంద్రియమా అంది. వస్తామన్నవాళ్లు లేరు.

ఆ రాత్రి వనజ అన్నం సరిగ్గా తినలేదు. సొంతింట్లో బిడ్డకు నాలుగు గింజలు పోసుకోవడానికి ఇన్ని తిప్పలా అని ఏడుపొచ్చింది. కంపెనీ ఇచ్చిన రెండు గదుల క్వార్టర్‌లో సృజన పుట్టువెంట్రుకలు తీశారు, వీధంతా బంతి భోజనానికి కూర్చుంది. అప్పుడు గేటు లేదు. అసలు తలుపే సగం రోజులు మూసుకునేది కాదు.

తెల్లారి మేడ మీద నిలబడి, ఎవరికీ కనబడకుండా చీర ఆరేస్తుండగా, గేటు వైపు చూసి వనజ ఆగిపోయింది. కాలనీలో వంటలు చేసేవాళ్లు, అంట్లు తోమేవాళ్లు, గచ్చులు తుడిచేవాళ్లు గుంపులు గుంపులుగా లోపలికి వస్తున్నారు. గేటు దగ్గరి పెట్టెకు ముఖం చూపిస్తారు, పెట్టె పచ్చగా వెలుగుతుంది, వచ్చేస్తారు. ఎంతమందని అడిగేవాడు లేడు. నిబంధనలు తీసి చూసింది. నిజమే, పనివాళ్ల సంఖ్యకు పరిమితి లేదు. (ఉపసంఘం సభ్యుల ఇళ్లల్లోనూ అంట్లు ఉంటాయి.)

వెంటనే నస్పూర్‌కు ఫోన్ చేసింది.

“ఓసినీ! మమ్ముల పనోళ్లని రాస్తవా?” అని రామవ్వ ఇంతెత్తున లేచింది.

“గేటు దాకనే అక్కా. గేటు దాటినంక నీ రాజ్జెం.”

“అయితే నన్ను వంటమనిషి అని రాయి. అంట్లు తోమేదని రాస్తే మాత్రం రాను, ముందే చెప్తున్న.”

ఐదుగురి ఫోటోలూ తెప్పించి యాప్‌లో ఎక్కించి, అంట్లు శంకరవ్వకు, ఊడ్చుడు సక్కుబాయికి, బట్టలు వినోదకు పంచారు. నస్పూర్‌లో పదో తరగతికి లెక్కలు చెప్పే కావ్యకు ఆయా ఉద్యోగం మిగిలింది. ఆయా అయితే ఏ పిల్లవాడిని చూసుకుంటుందో రాయాలని నిశ్చింత పట్టుబట్టింది. వనజ సిద్దిరాములు పేరు రాసి, వయసు అరవై ఒకటి అని నింపింది. నిశ్చింత మారుమాట్లాడకుండా ఆమోదించింది.

“గిది బయటవడితే మన ఇజ్జత్ ఏం గావాలె?” అని సిద్దిరాములు పరేషానయ్యాడు.

“నువ్వు సప్పుడు జెయ్యకు. నీకు ఆయా వస్తది.”

శుక్రవారం పొద్దున గేటు దగ్గర ఆటో ఆగింది. ఐదుగురూ పట్టుచీరల్లో, మెడనిండా బంగారంతో, తలల్లో మల్లెపూలతో దిగారు. గార్డు కళ్లు నులుముకుని చూశాడు.

“పనికి పట్టుచీరెలేంది అమ్మా?”

“మా దాంట్ల యూనిఫాం గిదే బిడ్డా,” అంది రామవ్వ, పెట్టెకు ముఖం చూపిస్తూ.

పెట్టె పచ్చగా వెలిగింది. పెట్టె వెలిగాక గార్డు కళ్లు చెప్పే సాక్ష్యం చెల్లదు. పనివాళ్లు ముందు రోడ్డు మీద నడవకూడదు కాబట్టి, వెనక చెత్తకుండీల పక్కనుంచి పోయే దారి పట్టారు. ముందు రామవ్వ, ఆమె వెనక నెత్తుల మీద పళ్లాలతో మిగతా వాళ్లు. ఇరవై ఏడో నంబరు వంటింటి తలుపు తీసి వనజ ఎదురొచ్చింది. ఒక్కొక్కరినీ పట్టుకుని ఏడ్చింది, నవ్వింది, మళ్లీ ఏడ్చింది.

“ఇల్లు మహలున్నట్టున్నది గానీ వనజా, గిట్ల దొంగలోలె రావట్టె,” అంది శంకరవ్వ. “గీ ఉల్లిగడ్డలేందే? దుకాణం వెడ్తున్నవా?”

ముందురోజే వచ్చిన సృజనను తూర్పు ముఖంగా కూర్చోబెట్టారు. ముందు వనజ పోసింది. తరువాత రామవ్వ దోసిలి నింపింది. చివరి దోసిలి కావ్యది. అది ఒడిలో పడినప్పుడు సృజన తల ఎత్తి ఐదు ముఖాలనూ ఒకసారి చూసుకుంది. వనజకు కడుపు నిండిపోయింది. ఆపైన అందరూ గొంతెత్తి పాట అందుకున్నారు. కాలనీలో పాడకూడదు. కానీ పనివాళ్ల వల్ల వచ్చే చప్పుడు సాయంత్రం ఆరు దాకా మినహాయింపు కిందికి వస్తుంది, ఎవరూ ఫిర్యాదు చేయలేదు.

పాట నడుస్తుండగా వనజ చాయ్ పెట్టడానికి వంటింట్లోకి వచ్చింది. అలమారలోంచి పూలకప్పులు ఆరూ తీసింది. ఒక్కోదాని అడుగున స్టిక్కర్ గీకి, కడిగి, వరుసగా పెట్టి, నస్పూర్ వాళ్ల కోసం ఐదింటిలో పోసింది. ఆరోది ఖాళీగా ఉంది.

అప్పుడే వెనక తలుపు మీద ఎవరో తట్టారు. తీసి చూస్తే ఎదురింటి సరళాదేవి! అద్దం లేకుండా, నిజంగా ఆవిడే. ఎనిమిది నెలలకు మొదటి పొరుగుమనిషి గడప ముందుకు వచ్చింది. వనజ చెయ్యి దానంతట అదే ఆరో కప్పు మీదికి పోయింది.

“మీ మేడం ఉన్నరా?” అంది సరళాదేవి.

వనజ తనను తాను చూసుకుంది. పసుపు చేతులు, ఎత్తి దోపిన కొంగు, వెనక తలుపు.

“ఈ ఇంట్ల అయిదుగురు పనిచేస్తున్నరని యాప్‌ల చూసిన. నువ్వు ఆరోదానివా? మాకు మనిషి దొరక్క చస్తున్న. పొద్దున రెండు గంటలు మాకు చేస్తవా? మీ మేడంతోని నేను మాట్లాడుత.”

లోపలినుంచి రామవ్వ కేక వేసింది. “ఓ వనజా, నా దాంట్ల చక్కెర తక్కువెయ్యి!”

“వనజనా నీ పేరు? మంచిగున్నది. మీ మేడంను జర పిలువు.”

శుభకార్యం జరుగుతున్న ఇంటి గడపలోంచి ముత్తైదువను ఉత్త చేతులతో పంపకూడదు. వనజ ఆవిడ నుదుట బొట్టు పెట్టింది, చేతిలో కుడుక పెట్టింది. సరళాదేవి రెండూ తీసుకుని, ఇంకా మేడం కోసం లోపలికి తొంగి చూస్తున్నది.

“మేడం ఇంట్ల లేదమ్మా,” అంది వనజ. “నస్పూర్ పోయింది.”

“అయ్యో! ఎప్పుడొస్తరు?”

వనజ ఆరో కప్పు నిండా చాయ్ పోసుకుని, ఒక గుక్క తాగింది.

“ఏమో అమ్మా. మీ గేటు కాడ ఎవలన్న రానిస్తె వస్తది.”